వివాదంలో ఉన్న వింగర్

"ఇప్పుడు మన బాబు త్రిమూర్తులు ఒక చక్కని పాట పాడి మనందరినీ ఆనందపరుస్తాడు!" అని మైకులో ప్రకటించారు చిట్టబ్బాయిగారు.

మైదానంలో జనమంతా మైకు వైపు తిరిగారు. చిట్టబ్బాయిగారు ఉప్పుటేరు యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల సంఘానికి గౌరవాధ్యక్షులు, కాకినాడ రేవు పక్క ఐసు ఫ్యాక్టరీకి యజమాని. ముప్పయ్యేళ్ళుగా మిషన్ల హోరులో నానిన చెవులు ఆయనవి. శాలువా కప్పేముందు సంఘం కార్యదర్శి గవర్రాజు ఆ చెవుల్లో ఒకదానికి దగ్గరగా జరిగి, "మన లెఫ్ట్ వింగరండి" అని గొణిగాడు. బయల్దేరేటప్పుడు అది వింగరే. చేరేసరికి సింగరైపోయింది.

"సింగరు కాదండీ, వింగరు! ఎడం పక్కన పరిగెత్తేవాడు!" అన్నాడు గవర్రాజు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి. అడ్డం పెట్టింది మైకు వెనక భాగానికి కావడంతో ఆ వివరణ రేవు దాకా వినబడింది.

"ఓహో. అయితే పాడడా?" అన్నారు చిట్టబ్బాయిగారు నిరాశగా.

అప్పటికే త్రిమూర్తులు మైకు ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు. వాళ్ళమ్మ నూకాలు చేపల బజారులో గంప పెట్టుకుంటుంది. పెద్దవాళ్ళు అడిగాక కాదనడం వాడికి తెలియదు. అడక్కుండా నోరు విప్పడం అంతకంటే తెలియదు. బడిలో నేర్పిన ప్రార్థన రెండు చరణాలు పాడి, దణ్ణం పెట్టి కూర్చున్నాడు. వింగు పరవాలేదు గానీ సింగు బాగోలేదని వెనక వరసలో తీర్పు వెలువడింది.

ఆ సందడి సద్దుమణిగాక గవర్రాజు జేబులోంచి ఉత్తరం తీశాడు. అసలు సన్మానం దాని గురించే. పెద్ద నగరంలో ఉన్న పెద్ద క్లబ్బు రాసిన ఉత్తరం అది. గొంతు సవరించుకుని చదివాడు.

"మీ జట్టులో ఎడమ వింగులో ఆడే కుర్రాడి గురించి విన్నాం. ఆరు వారాల తర్వాత జరిగే మీ సెమీఫైనల్‌కి మా పరిశీలకుడు వస్తారు. కుర్రాడు ఆడుతుండగా చూస్తారు. ఆట నచ్చితే, కుర్రాడికి ఇష్టమైతే, మా శిక్షణ శిబిరంలో చేర్చుకుంటాం."

నాలుగంటే నాలుగే వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ ఊరిని రెండుగా చీల్చాయి.

మైదానం గేటు దగ్గర టీకొట్టు ధర్మారావుది ఒక పక్షం. "మనం పెంచిన కుర్రాడండి! ఈ ఇసకలో, ఈ ఉప్పుగాలిలో పుట్టిన పరుగది. పట్టుకెళ్ళి ఎవరికో అప్పగించేద్దామా? కుదరదంటే కుదరదు!"

ఆటో ఖాదర్‌ది ఇంకో పక్షం. "నీ టీ తాగడానికి జనం రావాలి గనక ఆడు ఇక్కడే ఉండాలంటావ్. ఆడికి భవిష్యత్తు ఉండక్కర్లేదేటి?"

"భవిష్యత్తు ఇక్కడ లేదా?"

"ఇక్కడున్నది నీ టీయే. అది పొద్దుట కాసింది."

మొదటివాళ్ళకి ఊళ్ళో స్థిరాస్తి పక్షమనీ, రెండోవాళ్ళకి చరాస్తి పక్షమనీ పేర్లు పడ్డాయి. పక్షం రోజులు తిరిగేసరికి పక్షాలు పలకరించుకోవడం మానేశాయి. మ్యాచ్ నడుస్తుండగా ఒకవైపు నుంచి "ఉండాలి!" అనీ, రెండోవైపు నుంచి "వెళ్ళాలి!" అనీ కేకలు. గోలు కంటే గోల ఎక్కువైంది. బంతి కాలి దగ్గరికొచ్చిన ప్రతిసారీ త్రిమూర్తులు ఒక క్షణం ఆగి, ఏ కేకకి గౌరవం ఇవ్వాలో తెలియక బంతిని బయటికి తన్నేసేవాడు.

ఇలాంటి సంక్షోభం కోసమే గవర్రాజు పుట్టి పెరిగినట్టున్నాడు. ముప్పయ్యారేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి, హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాడు. ఊళ్ళో ఏ గోడ మీద ఎవరికి హక్కుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎడమ గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని త్రిమూర్తులు పరుగు చూడటం ఒక్కటే రిటైరయ్యాక ఆయనకి మిగిలిన హాజరు. ఆ కుర్చీ అక్కడ వేసిందీ, ఆ కుర్రాడి ఆటకి మొదటి చప్పట్లు కొట్టిందీ తనే. అయితే ఇది ఆయన ఎప్పుడూ రికార్డులోకి ఎక్కించలేదు.

అత్యవసర సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి అన్నాడు:

"సభ్యులారా! ఇందులో ఉన్న అంశమేమనగా, ఒకే ఆస్తి మీద రెండు పక్షాలు హక్కు చెబుతున్నాయి. ఇలాంటప్పుడు చట్టం ఏమంటుంది? యథాతథ స్థితి! వివాదం తేలేదాకా ఆస్తి స్వభావం మార్చకూడదు. దున్నకూడదు, తవ్వకూడదు, కట్టకూడదు. కాబట్టి త్రిమూర్తులు భవిష్యత్తు తేలేవరకు త్రిమూర్తుల్ని ఎవరూ ఆడించకూడదు!"

సభ దద్దరిల్లింది. రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. తమ ఆస్తిని అవతలివాళ్ళు ముట్టుకోకుండా ఉంటారన్న ధీమా ఇద్దరికీ దొరికింది.

కోచ్ ఇమ్మానియేలు మాస్టారొక్కడే లేచాడు. హైస్కూల్లో డ్రిల్లు నేర్పే మనిషి, గొంతు పెద్దది, మాట చిన్నది. "ఆడకపోతే పరిశీలకుడు ఏం చూస్తాడండి?"

"మాస్టారూ, మీరు ఈ కుర్రాడికి ఏమవుతారు?"

"ఆట నేర్పాను."

"అంటే సాగు చేశారు. సాగు చేసినవాడు కౌలుదారు. కౌలుదారుకి ఆస్తి భవిష్యత్తులో జోక్యం చేసుకునే హక్కు లేదు. కూర్చోండి."

"పోనీ కుర్రాణ్ణే అడిగితే పోలా? ఇష్టమైతేనే అని ఉత్తరంలో ఉంది కదా!"

గవర్రాజు జాలిగా నవ్వాడు. "పొలం తగువులో పొలాన్ని సాక్షిగా పిలుస్తామా మాస్టారూ? ఇష్టం అనేది చాలా పెద్ద మాట. దానికి ఉపసంఘం వేశాం."

ఇష్ట నిర్ధారణ ఉపసంఘంలో ఏడుగురు. తమకేం ఇష్టమో ఏడుగురికీ స్పష్టంగా తెలుసు.

మర్నాడే పంచనామా. గవర్రాజు టేపు పట్టుకుని, పాత అలవాటు కొద్దీ ముందు నాలుగు హద్దులూ రాయించాడు. "తూర్పున కుడిచెయ్యి, పడమర ఎడంచెయ్యి, ఉత్తరాన ముక్కు, దక్షిణాన వీపు." అంతలో త్రిమూర్తులికి తుమ్మొచ్చి పక్కకి తిరిగాడు. హద్దులన్నీ తారుమారయ్యాయి. కొట్టేసి మళ్ళీ రాశారు. ఈసారి తుమ్మకుండా ఇద్దరు సభ్యులు వాడి భుజాలు పట్టుకున్నారు. ఐసు దిమ్మలు తూచే కాటా మీద నిలబెడితే యాభై ఎనిమిది కిలోలు తూగాడు.

"తేలేదాకా ఇదే యాభై ఎనిమిది ఉండాలి. తగ్గితే తవ్వకం, పెరిగితే మట్టి తోలి మెరక చెయ్యడం. రెండూ నేరమే," అన్నాడు గవర్రాజు.

మూడో రోజు కుర్రాడు జుట్టు కత్తిరించుకోడానికి మంగలి షాపుకి వెళ్తుంటే సభ్యులు దారి కాచి పట్టుకున్నారు. వివాదంలో ఉన్న స్థలంలో చెట్లు కొట్టడం నిషేధం. మరి జుట్టు పెరగడం మార్పు కాదా అని ఎవరో అనుమానపడ్డారు. సహజంగా మొలిచింది ఎవరు గెలిస్తే వాళ్ళదని గవర్రాజు రూలింగ్ ఇచ్చాడు.

బోర్డు కూడా తయారైంది. ఖాళీ స్థలాల్లో పాతే రేకు బోర్డే. పాతడానికి వీల్లేదు గనక తాడు కట్టి మెళ్ళో వేశారు. "ఈ వింగర్ వివాదంలో ఉన్నాడు. కొనుట, అమ్ముట, పరుగెత్తించుట నిషేధం. అతిక్రమించినవారు శిక్షార్హులు." ఎర్రక్షరాలు. కింద చిట్టబ్బాయిగారి ఫొటో. ఫొటో లేని బోర్డు ఆ ఊళ్ళో చెల్లదు.

త్రిమూర్తులు ఏమీ అనలేదు. బోర్డు నేల మీద రాసుకోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ మౌనాన్ని కూడా రెండు పక్షాలూ పంచుకున్నాయి. "చూశారా, వెళ్ళాలని ఉంటే ఈపాటికి గొడవ చెయ్యడా? ఎంత నెమ్మదిగా ఉన్నాడో!" అన్నాడు ధర్మారావు. "ఉండాలనుంటే ఆ మొహం అలా ఏలాడేసుకుంటాడా? ఆడి మనసు ఎప్పుడో బండెక్కేసింది," అన్నాడు ఖాదర్. ఉపసంఘం రెండు అభిప్రాయాలూ నమోదు చేసుకుని వాయిదా వేసింది.

అభ్యంతరాలకి పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు అంటించారు. వచ్చినవాటిలో ఒకటి మన గోల్‌కీపరుది: వాడు ఎడమ వింగు మీదుగా ఇంటికి నడిచే దారి హక్కు వదులుకోనన్నాడు. ఇంకొకటి సెమీఫైనల్లో తలపడబోయే పక్క ఊరి జట్టుది: "మాకేమీ అభ్యంతరం లేదు. ఆ కుర్రాణ్ణి అలాగే కూర్చోబెట్టండి. మీ న్యాయబుద్ధికి జోహార్లు." ఈ ఉత్తరాన్ని గవర్రాజు ఫ్రేము కట్టించాడు.

అసలు చిక్కు ఆ ఆదివారం వచ్చింది. ఎడమ వింగులో ఎవర్ని ఆడించాలి?

"ఎవర్నీ కాదు. వివాదంలో ఉన్న చోట వేరేవాణ్ణి ప్రవేశపెడితే ఆక్రమణ," అన్నాడు గవర్రాజు.

"పది మందితో ఆడాలా?" అన్నాడు ఇమ్మానియేలు మాస్టారు.

"పది మందితో, చట్టంతో."

సెమీఫైనల్‌కి ముందు స్నేహపూర్వక మ్యాచ్ ఒకటి అలాగే ఆడారు. ఎడమ పక్క మైదానం ఎండాకాలం బీచిలా ఖాళీ. అవతలి జట్టు అది చూసి హడలిపోయింది. బుర్రున్నవాడెవడూ ఊరికే ఇంత చోటు వదలడు, ఇందులో ఏదో ఎత్తుగడ ఉందనుకుని, ముగ్గురు డిఫెండర్లని ఆ ఖాళీకి కాపలా పెట్టింది. మిగతా చోట మనవాళ్ళు ఎక్కువై ఒక్క గోలుతో గెలిచేశారు. ఇక గవర్రాజుని ఆపేవాళ్ళు లేకపోయారు. లేని ఆటగాడు ముగ్గుర్ని ఆపితే, ఉన్న ఆటగాడు ఒక్కణ్ణి కూడా ఆపలేడని సంఘం తీర్మానం చేసింది.

ఆటగాడు మాత్రం గీత పక్కన కుర్చీలో ఉండేవాడు, సరిగ్గా గవర్రాజు కుర్చీ పక్కనే. బంతి లేదు గానీ బంతి భోజనాలకి లోటు లేదు. స్థిరాస్తివాళ్ళు పులస పులుసు తెచ్చేవారు, చరాస్తివాళ్ళు బిరియానీ. కాటా మీద ముల్లు కదలగానే రెండూ ఆపేసేవారు. ఎదురుగా బంతి పోతుంటే త్రిమూర్తులు ఎడమ మడమ కుర్చీ కింద తనకి తెలియకుండానే కదిలేది.

గవర్రాజు ఆ మడమ చూసేవాడు. చూసి, చూపు తిప్పుకునేవాడు. ఆయనకి ఒక సంగతి బాగా తెలుసు. ఆఫీసులో తేలిన ఫైలు బయటికి వెళ్ళిపోతుంది. తేలనిది బల్ల మీదే ఉంటుంది. ముప్పయ్యారేళ్ళలో తనకి నచ్చిన ఫైలు ఒక్కటీ ఆయన తేల్చలేదు.

సెమీఫైనల్ రోజు పరిశీలకుడు వచ్చేశాడు. ఒకప్పుడు గోల్‌కీపరు, హైదరాబాదు మనిషి, తలుపంత భుజాలు. ఆట మొదలై గంట దాటింది. పక్క ఊరి జట్టు మన ఖాళీ వింగు గుట్టు ముందే తెలిసినది గనక కాపలా గీపలా పెట్టుకోకుండా అటునుంచే దర్జాగా వచ్చి మూడు గోల్స్ కొట్టింది.

"లెఫ్ట్ వింగర్ ఏడి?" అన్నాడు పరిశీలకుడు.

గవర్రాజు పక్క కుర్చీ చూపించాడు. మెడలో బోర్డు, కళ్ళ మీద పడే జుట్టు, ఒళ్ళో చేతులు.

"ఇదేంది? దెబ్బ తగిలిందా?"

"లేదండి. వివాదంలో ఉన్నాడండి."

"ఎవరితోని కొట్లాట?"

"వాడికి ఎవరితోనూ లేదండి. మాకు మాకే." గవర్రాజు పంచనామా, హద్దులు, అభ్యంతరాలు, ఉపసంఘం మధ్యంతర నివేదిక వరసగా విప్పి చూపించాడు. పరిశీలకుడు కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి వెనక్కిచ్చాడు.

"చూడు సార్, ఆరింటి బండికి నేను పోవాలె. పిలగాడు ఆడితే చూస్త. ఆడకుంటే రాసుకునేదానికి ఏముంది? మళ్ళ ఈ దిక్కు రాను."

ఇమ్మానియేలు మాస్టారు గవర్రాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. "పదిహేను నిమిషాలండి. ఒక్క పదిహేను నిమిషాలు వదలండి."

"రూలు మాస్టారూ. ముప్పయ్యారేళ్ళు..." అని ఆగిపోయాడు గవర్రాజు.

అప్పుడు గేటు తోసుకుని నూకాలు వచ్చింది. బజారు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చంకలో ఖాళీ గంప. నెల్లాళ్ళుగా 'నీ కొడుకు మంచికేనమ్మా' అని సంఘం చెబుతుంటే ఊరుకున్న మనిషి. ఇవాళ గేటు బయట ఎవరో పరిశీలకుడు బండెక్కేస్తున్నాడన్నారు. మైదానానికి అడ్డంగా, బంతి పక్కనుంచే నడుచుకుంటూ వచ్చి గవర్రాజు ముందు నిలబడింది.

"బాబుగారూ, తవరికి గేపకముందా? షావుకారు దొడ్లో నా పాక పీకించేత్తామంటే తవరి బల్ల కాడికొచ్చి ఏడిశాను. తవరేటన్నారు?"

"ఏమన్నాను?"

"'ఎన్నేళ్ళనించి ఉంటన్నావే' అన్నారు. పద్నాలుగేళ్ళండి అన్నాను. 'మజ్జిలో ఎవరన్నా అడ్డం సెప్పారా' అన్నారు. లేదండి అన్నాను. 'పన్నెండేళ్ళు అడ్డం లేకుండా అనుభవిత్తే అనుభవించినోళ్ళదే, ఎల్లి ధైర్నంగా పడుకో' అన్నారు. పడుకున్నాను."

"అవును. చట్టం అదే."

"మరి ఈడి కాళ్ళు పందొమ్మిదేళ్ళనించి ఈడి కాడే ఉన్నాయండి. నడిశాడు, పరిగెట్టాడు, గోడలు దూకాడు. తవరుగానీ, ఈ టీకొట్టాయనగానీ, ఆటో ఆయనగానీ ఎప్పుడన్నా అడ్డం సెప్పారా?"

గవర్రాజు కాగితాలు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పాడు. నాలుగు హద్దులున్నాయి, బరువుంది, జుట్టు పొడుగుంది. ఆ కాళ్ళు ఎవరి స్వాధీనంలో ఉన్నాయన్న గడి మాత్రం నెల్లాళ్ళుగా ఖాళీగా ఉంది. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో ఆయన మొదట నింపే గడి అది.

పెన్ను తీశాడు. 'త్రిమూర్తులు' అని రాశాడు. ఎదురు పక్షం అభ్యంతరం అన్నచోట ధర్మారావు వైపు చూశాడు, ఖాదర్ వైపు చూశాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. 'లేదు' అని రాసి, లేచి, కుర్రాడి మెళ్ళో బోర్డు తనే తీశాడు. తాడు మెడకి ఎర్రటి గీత పెట్టిందని అప్పుడు చూశాడు.

"ఎల్లరా అయ్యా," అంది నూకాలు. జుట్టు కళ్ళలో పడుతోందని రుమాలు చింపి వెనక్కి కట్టింది.

ఆటకింక పన్నెండు నిమిషాలు. మొదటి బంతికి త్రిమూర్తులు కాలు తడబడి బోర్లా పడ్డాడు. రెండోది గీత దాటిపోయింది. నెల్లాళ్ళ కుర్చీ వాడి తొడల్లో ఉంది. మూడో బంతి దగ్గర ఒళ్ళు గుర్తు తెచ్చుకుంది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, గీత మీదుగా కాక మధ్యలోంచి కోసుకుంటూ కుడి పక్కకి దూరిపోయాడు.

ఎడమ వింగరు కుడి పక్కన! పక్కా ఆక్రమణ! గవర్రాజు వేలెత్తి లేచాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం "పాస్! పాసివ్వరా!" అనే కేక. భూమి పాస్‌బుక్కులు తప్ప వేరే పాసులు ఎరగని గొంతు అది. త్రిమూర్తులు తన్నిన బంతి తిన్నగా వెళ్ళి ఇంకొకడి తలకి తగిలి వలలో పడింది. మూడు ఒకటి. అంతే, అక్కడితో ఓడిపోయాం. ఓడిన సంగతి స్థిరాస్తివాళ్ళకీ చరాస్తివాళ్ళకీ ఇంటికెళ్ళాక గాని గుర్తు రాలేదు.

పరిశీలకుడు చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని త్రిమూర్తులు దగ్గరకొచ్చాడు. "బాగుంది తమ్మీ. వచ్చే నెల శిబిరం. వస్తవా?"

"వాడు ఉంటాడండి, వాడి మనసు నాకు..." అని ధర్మారావు, "ఆడు వస్తాడు, నేను మొదట్నుంచీ..." అని ఖాదర్ ఒకేసారి అందుకున్నారు. ఉపసంఘం నివేదిక తీసింది.

"ఆగండి!" అని అరిచాడు గవర్రాజు. ఆఫీసులో కూడా అంత గట్టిగా అరిచినట్టు ఎవరికీ గుర్తులేదు. కుర్రాడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. నీకేం ఇష్టం?"

త్రిమూర్తులు కొంచెం తడబడ్డాడు. "ఎల్లాలనుందండి. ఉత్తరం సదివిన్రోజు నించీనండి."

"మరి ఆరువారాలు నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావురా? ఒక్క ముక్క చెబితే పోయేదిగా!" అన్నాడు ఖాదర్.

"పెద్దోళ్ళంతా మాట్లాడతన్నారు కదండి, మజ్జిలో ఎందుకని... ఎవరన్నా అడిగితే సెబుదామని కూర్చున్నానండి."

ధర్మారావు ఖాదర్‌ని చూశాడు. ఖాదర్ ఉపసంఘాన్ని చూశాడు. ఏడుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాడి నెమ్మదీ, వాడి దిగులూ, ఆరువారాలు తాము పక్షాలుగా పంచుకున్నదంతా ఒక మర్యాదస్తుడైన కుర్రాడు ప్రశ్న కోసం ఎదురుచూడటమేనని ఒక్కొక్కళ్ళకే అర్థమవుతోంది. చిట్టబ్బాయిగారు పక్కవాణ్ణి గోకి, "ఏమన్నాడు?" అని అడిగారు. "ఎవరూ అడగలేదన్నాడండి," అన్నాడు వాడు. ఈసారి ఆయనకి సరిగ్గానే వినబడింది.

పరిశీలకుడు బండికి బయల్దేరాడు. గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఇందుమూలముగా అనే మాట రావాల్సిన చోట అది రాలేదు.

"వచ్చే ఆదివారం ఊళ్ళోనే ఉంటావు కదరా?"

"ఆయ్, ఉంటానండి."

"నాలుగింటికి వచ్చి కాసేపు ఆడు."

"సెమీస్‌లో పోయాం కదండి. ఇంక మ్యాచ్‌లేమున్నాయ్?" అన్నాడు ఇమ్మానియేలు మాస్టారు.

"మ్యాచ్ లేదని తెలుసు మాస్టారూ," అన్నాడు గవర్రాజు, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ. "చూడటానికి నేనుంటాను."